దగ్గు పోయాక కూడా తాగిన మందు

ఆ రోజు బోర్డు మీద ఒకే లెక్కను రెండుసార్లు చేశాను. వెనక్కి తిరిగితే క్లాసంతా నా వైపే చూస్తోంది. "మేడమ్, ఇందాకే చేశారండీ" అంది ముందు బెంచీ అమ్మాయి. ఆ మాట నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వినిపించింది. నాకు సిగ్గనిపించలేదు. అదే వింత.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా ఆయన రఫీకి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. చాక్‌పీస్ పొడికి దగ్గు పట్టుకుంటే డాక్టరు సిరప్ రాశారు. వారంలో దగ్గు పోయింది. కానీ అది తాగిన అరగంటకు ఒళ్లు దూదిలా తేలికయ్యేది, ఎండ మెత్తబడేది. బస్సు బ్యారేజీ మీద వెళ్తుంటే నదీ ఆకాశమూ ఒకటైపోయి, వాటి మధ్య నేనెక్కడికో తేలిపోతున్నట్టుండేది. డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపులో ఇచ్చేవారు. ఏడాదికల్లా మూతతో కొలవడం మానేశాను. రోజుకు రెండు సీసాలు. తాగుబోతులను చూస్తే ముఖం తిప్పుకునేదాన్ని. నాది డాక్టరు రాసిన మందే కదా అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఐదేళ్ల నజ్మా ఆగకుండా దగ్గుతోంది. నా సీసాలోంచే పట్టించాను. ఎంత పట్టించానో గుర్తులేదు. ఇద్దరం పక్కపక్కనే నిద్రపోయాం. రఫీ వచ్చి లేపితే నేను లేచాను. పాప లేవలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆటోలో హాస్పిటల్‌కు పరిగెత్తాం. డ్యూటీ డాక్టరమ్మ పాప కళ్లలోకి టార్చి వేసి చూసింది.

"ఏం పట్టించారమ్మా?"

"ఒక స్పూను దగ్గు మందండీ."

"స్పూనుకి ఇలా అవదు. నిజం చెప్పండి, దాన్నిబట్టే ఇంజెక్షన్."

చెప్పాను. రఫీ వింటుండగానే, రోజూ నేను తాగే రెండు సీసాల సంగతితో సహా. విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి పాప కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది.

"పాప గండం గడిచింది" అంది డాక్టరమ్మ. "ఇక మీ సంగతి. ఆ సిరప్‌లో కొడీన్ ఉంటుంది, నల్లమందు జాతి మత్తు. దానికి ఇలా బానిసవడాన్ని ఓపియాయిడ్ డిపెండెన్స్ అంటారు. అడ్మిట్ అవ్వండి."

బ్లడ్ టెస్టులు, ఈసీజీ, తర్వాత డీ-అడిక్షన్ వార్డు. సిరప్ ఆపేసరికి ఆగని ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు, కాళ్లను లోపలినుంచి ఎవరో పిండుతున్నట్టు నొప్పి. గోడలు అలల్లా కదిలేవి. పక్క మంచం మీద ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన టీచరు నిద్రమాత్రలు మానలేక చేరింది. "మీదీ చీటీతోనే మొదలైందా అండీ?" అని అడిగింది. ఇద్దరం చాలాసేపు నవ్వాం, తర్వాత ఏడ్చాం.

మూడో రోజు రఫీ నా కాళ్లు నొక్కుతూ, "రోజూ పక్కనే ఉన్నా, కనిపెట్టలేకపోయాను" అన్నాడు.

నాలుగు నెలలు బాగానే ఉన్నాను. మచిలీపట్నంలో పెళ్లికి వెళ్లినప్పుడు ఒక మందుల షాపు కనిపిస్తే అదే సిరప్ కొన్నాను. సగం సీసా తాగాక భయమేసి, ఎస్‌టీడీ బూత్ నుంచి డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"మిగతాది పారబోసి రేపు రండి" అంది. "ఫోన్ చేశారు కదా, మళ్లీ మొదటికి రానట్టే."

ఇది జరిగి ఏడేళ్లు. మళ్లీ పాఠాలు చెబుతున్నాను. నజ్మాకు పన్నెండేళ్లు. ఆ ఆదివారం ఏం జరిగిందో ఈమధ్యే నా నోటితోనే చెప్పాను. అంతా విని, వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది.

ఈ అలవాటు ఉన్నవాళ్లు ఒంటరిగా, ఒక్కసారిగా మానేయాలని చూడకండి. డాక్టరు చేతుల మీదుగా మానండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, చివరికి పంటి నొప్పికైనా, చీటీ రాయకముందే నేను అనే మాట ఒకటుంది: "నాకు కొడీన్ అలవాటుండేదండీ." మొదటిసారి అనడమే కష్టం.