పూరీ ప్రయాణంలో మూడో మనిషి

పాతికేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువని చెప్తే నమ్మరేమో, ఎందుకంటే నన్ను చూసినవాళ్ళెవరూ దిగులు మనిషి అనుకోరు. నవ్వుతాను, నవ్విస్తాను. ఆ అబద్ధంతో మొదలైన ప్రయాణం గురించి అడిగితే ఉత్సాహంగా చెప్తాను కూడా. నా జీవితంలో అంత సంతోషమైన ప్రయాణం ఇంకొకటి లేదు మరి. అలా సంతోషపడడం కూడా తప్పేనా? ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఇవాళ మీకు మొత్తం చెప్తాను.

మాది ఉద్దానంలో, బారువకు దగ్గరి పల్లె. మా నాయనమ్మకు ఒక నేస్తం ఉండేది. మా వైపు నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. ఇద్దరు ఆడపిల్లలు జగన్నాథస్వామి ప్రసాదం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుని నేస్తం కట్టుకుంటే, ఇక బతికినంతకాలం ఒకరి పేరు ఒకరు పలకరు. ఒకరి మాటకు ఒకరు ఎదురు చెప్పరు. ఎందుకని అడగరు. వీళ్ళిద్దరూ చిన్నప్పుడు, పూరీ నుంచి నడిచి వచ్చిన యాత్రికుడెవరో ఇచ్చిన ఎండిన ప్రసాదం మెతుకులతో కట్టుకున్నారట. ఎప్పటికైనా ఇద్దరం పూరీ వెళ్ళి, అక్కడి ప్రసాదం వేడిగా తినిపించుకోవాలని ఆనాడే అనుకున్నారు. పెళ్ళిళ్ళయ్యాయి, పురుళ్ళయ్యాయి, మొగుళ్ళు పోయారు. అరవై దాటినా పూరీ మాత్రం కుదరలేదు.

అప్పుడు తెల్లదొరలు మా వైపు మొదటిసారి రైలు వేశారు. నాకు ఇరవై ఏళ్ళు. టెక్కలిలో చదువుకుని వచ్చాను. ఇంగ్లీషు అక్షరాలు చదవగలనని ఊళ్ళో తల ఎత్తుకు తిరిగేవాణ్ణి. పలాస స్టేషనుకు మూడుసార్లు వెళ్ళి, గోడ మీది పట్టిక చూసి బళ్ళ వేళలన్నీ రాసుకొచ్చాను. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయి, ఖుర్దారోడ్డులో పూరీ బండికి ఎలా మారాలి, పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకోవడానికి ఎక్కడ వీలవుతుంది, అన్నీ ఒక కాగితం మీద పెట్టాను. ఇద్దరు ముసలమ్మలూ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని మురిసిపోయేవారు. మేం నేస్తమ్మ అని పిలిచే ఆమె, అందులో తానెక్కడుందో చూపించమని రోజూ అడిగేది. ఏదో ఒక గీత చూపించేవాణ్ణి. ఆ గీతను వేలితో నిమిరేది.

తరవాత నాకొక ఆశ పుట్టింది. రంభ స్టేషనులో దిగి, చిలికా సరస్సు ఒడ్డుదాకా నడిచి చూసి, వెనక్కి వచ్చి తరవాతి బండి అందుకోవచ్చని లెక్క వేశాను. ముగ్గురితో ఆ లెక్క కుదరలేదు. నేస్తమ్మది బోదకాలు. కుడికాలు స్తంభంలా ఉండేది, నాలుగడుగులకొకసారి నిలబడాలి. అయితే ఆ సరస్సు రైలు కిటికీలోంచి కూడా కనిపిస్తుంది. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు. మరి దిగడం ఎందుకు? నిజంగా సరస్సు కోసమేనా? లేక కొత్త చొక్కా వేసుకుని, నలుగురూ చూస్తుండగా, ఆ కాలు పక్కన ఆగి ఆగి నడవడానికి సిగ్గుపడ్డానా? రెండూ ఉన్నాయి. రెండోదే ఎక్కువ.

ఒక పొద్దున నేస్తమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ప్రయాణానికని అటుకులు దంచుతోంది.

"ఎప్పుడురా మనవడా, మన రైలు?"

"నాయనమ్మ ఈపాలికి ఒక్కర్తే ఎల్తాదట, నేస్తమ్మా. మొక్కు అలగుందట. మలిసారి నిన్ను తీసుకెల్తాదట."

రోకలి ఆగింది. "నేస్తం అలగందేటి?"

"అంది."

"అయితే మరేటుంది, అలగే." రోకలి పక్కన పెట్టి నవ్వింది. "నా కాలు సూసి దీనికింకో టిక్కెట్టు తియ్యమంటారేమోనని బయపడి సత్తన్నాను. ఆ పీడ ఒగ్గింది." అటుకులన్నీ మూటకట్టి నా చేతిలో పెట్టింది. "ఇయ్యి అట్టుకెల్లు. అక్కడ దాని నోట్లో పెసాదం పెట్టడానికి ఎవులుంటారు? నువ్వే పెట్టు నాయనా. నాను పెట్టమన్నానని సెప్పు."

ఇంటికి వచ్చి నాయనమ్మకు ఇంకోలా చెప్పాను. నేస్తమ్మ ఆ కాలితో ప్రయాణానికి భయపడి రానందని, నిన్ను మాత్రం తప్పకుండా వెళ్ళమందని. "నేస్తం ఎల్లమందా?" అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. వెళ్ళమన్నాక వెళ్ళాల్సిందే, అది వాళ్ళ కట్టు. ఇద్దరి మధ్యా ఉన్న నమ్మకాన్నే నా పనికి వాడుకున్నాను.

ఇక ప్రయాణం. ఎంత బాగుందో ఎలా చెప్పను! నాయనమ్మ ప్రతి స్టేషనుకూ దండం పెట్టింది. ఎదురుగా కూర్చున్న ఒడియా ఆవిడకు అటుకులు పెట్టి, ఈవిడ తెలుగులో, ఆవిడ ఒడియాలో, కోడళ్ళ గురించి బరంపురందాకా తగ్గకుండా మాట్లాడుకున్నారు. రంభలో సరస్సు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, లేచిన పిట్టల్ని చూసి చప్పట్లు కొట్టింది. పూరీలో సముద్రం చూసి, ఇది మన బారువ సముద్రమే, ఇక్కడికొచ్చి గొంతు పెంచిందంది. గుడిలో ఆవిర్లు కక్కుతున్న కుండలోంచి ముద్ద తీసి, నేస్తమ్మ పెట్టమందని చెప్పి నోట్లో పెట్టాను. కళ్ళు మూసుకుని తింది. "నేస్తమైతే ఇంకా పెద్ద ముద్ద పెట్టును" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. ఆ క్షణంలో నాకు ఏ బాధా లేదు, అదే ఇప్పుడు నన్ను బాధపెడుతోంది.

తిరిగొచ్చాక నాయనమ్మ ఎండబెట్టిన ప్రసాదం తీసుకుని నేస్తమ్మ నోట్లో పెడుతుంటే, నేను గోడ వెనక నిలబడ్డాను. ఎందుకు రాలేదని నాయనమ్మ గానీ, ఎందుకు వద్దన్నావని నేస్తమ్మ గానీ ఒక్క మాట అడిగితే నా పని అయిపోయేది. ఇద్దరూ అడగలేదు. సాయంత్రందాకా రైలు కబుర్లు చెప్పుకుని ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు. నేను బతికిపోయాననుకున్నాను.

మలిసారి రాలేదు. మరుసటి వానాకాలంలో జ్వరంతో నేస్తమ్మ పోయింది. నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రేమగానే చెప్పేది, పాపం నేస్తానికి ధైర్యం చాలలేదని. ఆమె కూడా వెళ్ళిపోయాక ఆ మాట ఊళ్ళో పరిహాసమైంది. ఆఖరి నిమిషంలో ఎవరు వెనక్కి తగ్గినా "నేస్తమ్మకి కాలు నొప్పొచ్చింది" అంటారు. నేనే ఎన్నిసార్లు విన్నానో. ఎన్నిసార్లు నవ్వానో.

ఇప్పుడు నేస్తమ్మ కూతురు పూరీ వెళ్తానంటోంది. నాకు అత్త వరస. ఆమెకూ అరవై వచ్చాయి. సోంపేట దాకా మోటారు, అక్కణ్ణుంచి రైలు. వేళలు రాసివ్వడానికీ, వెంట వెళ్ళడానికీ మళ్ళీ నేనే. నిన్న పదిమందిలో అంది, "ఏటల్లుడూ, మాయమ్మలాగ ఆకర్న రానంటానని బయమేటి? నానలాటిదాన్ని కాను!" అందరూ గొల్లుమన్నారు. నాకు నవ్వు రాలేదు. తన తల్లిని తానే వెక్కిరించుకునేలా చేసింది నేను.

నేస్తమ్మ భయపడలేదు. రానని అనలేదు. నాయనమ్మా ఆమెను వద్దనలేదు. రెండు మాటలూ నావే. ఈ సంగతి రేపు అత్త వాకిట్లో, అందరూ ఉండగా చెప్తాను. నువ్వు మా వెంట రావద్దంటారేమో. అనొచ్చు. క్షమించగలిగినవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ లేరు. ఉన్నా, ఎందుకు చేశావని నన్ను అడిగేవారో లేదో.

మీకు చెప్పేశాను. ఇన్నేళ్ళకు మొదటిసారి ఆ ప్రయాణాన్ని పలాస నుంచి పూరీ దాకా, ఏ స్టేషనులోనూ తల దించుకోకుండా తలుచుకుంటున్నాను.