పాకం కోసం వరుస

బోధన్ దగ్గర బెల్లం బట్టీ చూపించే టూరిస్టు కంపెనీ తన బస్సులో ఒక రంగుల కాగితం పంచుతుంది. అతిథులు ఊరివాళ్ళతో పాటు వరుసలో నిలబడి వేడి పాకం తాగుతారని, అది తమ ప్రత్యేక ఏర్పాటని అందులో ఉంది. ఆ ఏర్పాటు కంపెనీది కాదు. ఎవరిదో ఎవరూ రాయకపోతే కొన్నేళ్ళకు ఆ కాగితమే నిజమైపోతుంది. అందుకే రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

నేను బోధన్‌లో దర్జీని. ఏడో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ నేర్చుకున్నదీ అక్కడే. ఊళ్ళకూ టూరిస్టు కంపెనీలకూ పొత్తు ఎలా కుదరాలో చెప్పే పుస్తకమైతే రెండుసార్లు చదివాను.

నా దగ్గర రవికలు కుట్టించుకునే ఒక అక్కకు పక్క ఊళ్ళో బెల్లం బట్టీ ఉంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చుట్టుపక్కల చెరకు తగ్గింది. ఆ ఏడు పొయ్యి ఆర్పేద్దామనుకుంటున్న సమయంలో హైదరాబాద్ కంపెనీ వచ్చింది. ఒప్పందం చదివి చెప్పమని అక్క నన్ను పిలిచింది. మరుగుదొడ్డి ఎవరు కట్టాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, వీటి మీద గంటసేపు మాట్లాడాను. అతిథులున్నంతసేపు బట్టీ దగ్గర వేరేవాళ్ళు ఉండకూడదన్న ఒక్క వాక్యం వదిలేశాను. కొలతలు తీసేటప్పుడు నేనూ దుకాణంలో తెర వేస్తాను, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

మొదటి బస్సు వచ్చిన ఆదివారం కంపెనీ మేడం బట్టీ చుట్టూ తాడు కట్టించింది. తాడు దగ్గర నేను నిలబడ్డాను. పాకం వాసన లేవగానే ఒక అవ్వ గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె వెనుక చెరకు కొట్టే ఆడవాళ్ళు. గిన్నెతో వచ్చినవాళ్ళకు ఒక గంటెడు పాకం పోయడం అక్కడి ఆనవాయితీ అని నాకు తెలియదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అది లేదు.

"అవ్వా, బస్సోళ్ళు పోయినంక రా."

"గప్పటికి బెల్లం గడ్డయితది బిడ్డా. కొరుకుదామంటే నాకు పండ్లున్నయా?"

పెనం దగ్గరున్న అక్క తలెత్తింది. "అవ్వను ఎవలు ఆపిండ్రు?"

"నేనే అక్కా. కాగితంల ఉన్నది."

"ఉంటే నాకెందుకు సదివి సెప్పలే?"

మేడమే మెల్లగా చెప్పింది. "అక్కా, జనం గుమిగూడితే ఎవరికైనా కాలుతుందని పెట్టాం. ఇది ఒప్పుకోకపోతే మా ఆఫీసు బస్సు పంపదు."

"పంపకుంటే పొయ్యి ఆరుతది. ఆరనీ. గిన్నె తెచ్చినోళ్ళను ఉత్తగ పంపుడు నాతోని కాదు."

గొంతు పెంచకుండానే అంది. గంటె పట్టుకొచ్చి తాడు మీదుగా అవ్వ గిన్నెలో పోసింది.

బస్సులో వచ్చిన ఒక పెద్దాయన అడిగాడు: "మాకెప్పుడు పోస్తారమ్మా?"

"వాళ్ళ ఎనుక నిలబడుండ్రి సారూ."

ఆయన టీ గ్లాసు పట్టుకుని చెరకు కొట్టేవాళ్ళ వెనుక నిలబడ్డాడు. ఆయన వెనుక బస్సంతా నిలబడింది. ఎవరూ తోసుకోలేదు, ఎవరికీ కాలలేదు. వరుస అయిపోయేదాకా మేడం చూస్తూ ఉంది. ఆఫీసుతో తాను మాట్లాడతానంది.

వారం తర్వాత కొత్త కాగితంతో వచ్చింది. పాత వాక్యం కొట్టేసి ఉంది. దాని బదులు, గిన్నెతో వచ్చినవాళ్ళకు ముందు, అతిథులకు తర్వాత అని తెలుగులో నాతోనే రాయించింది. ఈసారి పొయ్యి దగ్గర కూర్చుని ప్రతి అక్షరం పైకి చదివాను. "ఇంకేమన్న మింగినవా?" అని అక్క రెండుసార్లు అడిగింది.

ఈ చలికాలమూ పొయ్యి వెలిగింది. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి పేర్లు లేకుండానే నా కృతజ్ఞతలు: ఆఫీసును ఒప్పించిన మేడంకు, టీ గ్లాసుతో నిలబడిన పెద్దాయనకు, నిఘంటువును నా కుర్చీ దగ్గరే ఉంచే గ్రంథాలయం అటెండరుకు, పొయ్యి ఆరినా సరేనన్న అక్కకు. నేను కనబడితే చాలు "తాడు తెచ్చినవా బిడ్డా?" అని ఇప్పటికీ అడిగే అవ్వకు.