దాటేసిన అధ్యాయం

మొన్న రాయదుర్గం మెట్రో బయట పాత పుస్తకాలు పరిచిన చోట ఒక లావుపాటి నవల తెరిస్తే ఎండిన వేపాకు వాసన వచ్చింది. పురుగు పట్టకుండా ఎవరో పేజీల మధ్య పెట్టి మరిచిపోయారు. పుస్తకాలను అలాగే దాచుకునే విమలమ్మ గారు గుర్తొచ్చి, కాసేపు అక్కడే నిలబడిపోయాను.

గోపన్‌పల్లిలో నేను అద్దెకున్న అపార్ట్‌మెంటు కట్టింది వాళ్ల జొన్నచేనులోనే. చేను ఇచ్చినందుకు వచ్చిన కింది ఫ్లాట్‌లో ఆమె, పక్షవాతంతో మంచం పట్టి మాట పడిపోయిన భర్త నరసింహ గారు ఉండేవారు. వంట, మందులు, ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, అన్నీ ఆమే. మధ్యాహ్నం ఒక గంట మాత్రం ఏదో పాత నవల పట్టుకుని కూర్చునేవారు. అప్పుడు తలుపు తట్టినా పలికేవారు కారు.

నా ఉద్యోగం పోయిన రోజులవి. కాకినాడలో అమ్మానాన్నలకు చెప్పలేదు. ఫోన్ మోగితే తీసేదాన్ని కాదు. గదిలో ఉండలేక మెట్ల మీద కూర్చున్న నన్ను ఒకరోజు ఆమె పిలిచారు.

"కండ్లకు పొర వచ్చింది బిడ్డా, అక్షరాలు అలుక్కపోతున్నయి. జర చదివి పెడ్తవా?"

మూడు తరాల కుటుంబం కథ అది. మొదట్లో గొంతు చదివేది, మనసు ఎక్కడో ఉండేది. వారం గడిచేసరికి ఆ ఇంటి కోడలికి ఏమవుతుందోనని నేనే మధ్యాహ్నం కోసం ఎదురుచూడసాగాను. అది తప్పనిపించి ఒకసారి అడిగాను.

"ఇలా చదవడం బాధల్నుంచి పారిపోవడమే కదండీ?"

"పారిపోవుడే, ఇంకేంది మరి?" అని నవ్వారు. "గంట సేపు ఏడికన్నా పోయొస్తే ఈయనకు ప్రేమగ తినిపిస్త. పోకుంటే కసురుకుంట."

ఒక అధ్యాయంలో మంచం పట్టిన మామగారు చనిపోతాడు. లోపలి మంచం వైపు చూసి, నేను గబగబా పేజీలు తిప్పేసి తర్వాతి అధ్యాయం అందుకున్నాను. నరసింహ గారు ఆడే చేత్తో మంచం పట్టెను దబదబా కొట్టారు. ఆయన ఇన్నాళ్లూ వింటున్నారని నాకు అప్పుడే తెలిసింది.

"ఏదో దాటేసినవ్ బిడ్డా, ఆయనకు ఎరుకైంది. ఎనకకు తిప్పు" అన్నారు విమలమ్మ గారు.

వెనక్కి తిప్పి అంతా చదివాను. ఆయన చెంపల మీద నీళ్లు. ఆమె కొంగుతో తుడిచి, "ముసలాయన మంచిగ పోయిండు గదా?" అన్నారు. ఆయన తలూపి, ఆమె మణికట్టు పట్టుకున్నారు. ఇద్దరి మధ్యా ఎన్నాళ్లుగానో ఉండి, ఒకరితో ఒకరు అనుకోలేకపోయిన మాట అదేననిపించింది.

ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి ఉద్యోగం సంగతి చెప్పేశాను. నాన్న, "అన్నం తిన్నావా అమ్మా?" అన్నారు. అంతే.

నరసింహ గారు ఆ వానాకాలంలోనే పోయారు. నాకు మళ్లీ ఉద్యోగం వచ్చి మదీనాగూడకు మారాను. కొన్నేళ్లకు ఆమె కూడా కన్నుమూశారు. నేనిప్పటికీ నవలల్లోకి పారిపోతూనే ఉంటాను, ఏ సిగ్గూ లేకుండా.

నిరుడు నాన్నకు గుండె ఆపరేషన్ తప్పదన్నారు. ఆయనకు చెప్పొద్దని ఇంట్లో అందరూ అన్నారు. నేను మాత్రం ఆయన పక్కన కూర్చుని, డాక్టరు అన్నదంతా ఒక్క మాటా వదలకుండా చెప్పడం మొదలుపెట్టాను. ప్రాణానికి ప్రమాదం ఉందన్న మాట దగ్గర నేను ఆగిపోతే, నాన్న నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగారు.

"ఊఁ, తర్వాత?"