మగ్గం గుంటలో నీళ్లు

పెళ్లయిన తొమ్మిదేళ్లకు మా అమ్మాయి స్వాతి కడుపుతో ఉంది. పై శుక్రవారం సీమంతం. దాని పెళ్లి చీర నేసిన చీరాల మగ్గం మీదే సీమంతం చీర కూడా నేయించాలని మా ఆవిడ పట్టు. నేత మొదలుపెట్టానన్న వీరాస్వామి గారు ముసురు పట్టాక ఫోను ఎత్తడం మానేశారు. అందుకని నేనే బయల్దేరాను.

సత్తెనపల్లిలో తెల్లవారుజాము బస్సెక్కితే ఏడింటికల్లా గుంటూరు. స్టేషన్ బయట ఇడ్లీ బాగుంటుంది. మీరు వెళ్తే కారప్పొడి అడగండి, అడగందే వేయరు. చీరాల పాసింజరులో, తెనాలి దగ్గర, ఖాళీ సంచులతో ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. వేటపాలెంలో జీడిపప్పు కొనుక్కొచ్చి తెనాలిలో అమ్ముతుందట. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. మా మిరప చేల మీదుగా ఎగరాలంటే ఆ ఘాటుకి కాకులు ముందు కాలవలో ముక్కు ముంచుకుని వస్తాయని చెప్పాను.

"పాపం, పిల్లకాకులు ఎట్టా వస్తాయండీ?" అని జాలిపడింది.

వాటికి తల్లులే నీళ్లు మోసుకొస్తాయన్నాను.

వీరాస్వామి గారింట్లో చీర మగ్గం మీదే ఉంది, మూరెడు నేసి. నేతగాడు కాళ్లు దించుకునే గుంటలో మోకాలి లోతు నీళ్లు. ఆయన కూర్చోవలసిన చెక్క మీద ఒక కప్ప, ఆయన కంటే దర్జాగా.

"ఫోనెత్తి ఏం చెప్పమంటారండీ? ముసురు తగ్గితే భూమే తాగేస్తుంది. ఎప్పుడన్నది ఆ దేవుడికే తెలియాలి" అన్నారాయన.

నేను ఊరుకుంటానా? కప్పను తోలి, పంచె ఎగ్గట్టి బకెట్ పట్టుకున్నాను. ఆయన మంచం మీద సర్దుకుని, "కానివ్వండి. మగ్గం పెట్టిన కొత్తలో నేనూ తోడాను" అన్నారు. నడుం పట్టేసేదాకా తోడాను. టీ తాగి వచ్చేసరికి నీళ్లు అడుగు నుంచి ఊరి మళ్లీ మొదటికే వచ్చాయి. కప్ప కూడా.

ఈలోగా ఆయన భార్య నాగమణి గారు వచ్చి మగ్గానికి బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకున్నారు. ఆగిపోయిన మగ్గానికి పూజేమిటని అడిగాను.

"నడిచేటప్పుడు దేవుణ్ని తలుచుకునే తీరికేదండీ? ఇప్పుడేగా" అని నవ్వి, దోసకాయ పప్పుతో అన్నం పెట్టారు.

సాయంత్రం తిరుగు పాసింజరులో మళ్లీ ఆవిడే, ఈసారి నిండు సంచులతో. కప్ప సంగతి చెప్పాను. "కాకులంటే నమ్మాను గానీ, మగ్గం మీద కూర్చునే కప్పేంటండీ" అని మొహం అటు తిప్పుకుంది.

ఇంట్లో ఏం చెప్పాలి? బాపట్ల దాకా రకరకాల అబద్ధాలు అల్లి చూశాను. పెళ్లయిన దగ్గర్నుంచి నెలనెలా ఎదురుచూసిన పిల్ల. దాని దగ్గర ఒక్కటీ చెల్లేలా లేదు. స్వాతికే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నిజంగా కప్ప ఉందా నాన్నా?"

ఉందన్నాను.

"అయితే సీమంతానికి పెళ్లి చీరే కట్టుకుంటాలే. ఇది బారసాలకు కట్టుకుంటాను. ఇన్నేళ్లకైనా బిడ్డనిచ్చిన దేవుడు గుంటెడు నీళ్లు తీయలేడా?"

ఫోను పెట్టేశాక జీడిపప్పు ఆవిడ ఒక పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "ఇది కడుపుతో ఉన్న పిల్లకి. కప్పను మాత్రం నేను నమ్మను" అని తెనాలిలో దిగిపోయింది.

గుంటూరులో మా సత్తెనపల్లి బస్సు బాగా ఆలస్యమైంది. ఎప్పుడొస్తుందని నేను ఎవర్నీ అడగలేదు. ఒళ్లో ఉన్న పొట్లంలోంచి ఒక్క పప్పయినా తీసి నోట్లో వేసుకోలేదు. నా సంగతి తెలిసినవాళ్లు నమ్మరు. కప్పలాగే ఇదీ నిజమే.