పెద్దమ్మ వదులుకున్న గొంతు

పెద్దమ్మ పోయిందని ఇక్కడే కువైట్‌లో, మిష్రిఫ్ పేట నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఎవరిదో అద్దె ఒప్పందం అరబ్బీ నుంచి ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. ఫోన్ చేసింది ఆమె పనిచేసే ఇంటావిడ, ఇక్కడి పనివాళ్ళు యజమానురాలిని పిలిచేట్టు పెద్దమ్మ నోట 'మామా'. పొద్దున టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిన మనిషి స్టవ్ దగ్గరే కూలిపోయిందట. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయిందని చెప్పి ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది.

నేను వెంటనే మంగఫ్‌లో మా తెలుగువాళ్ళు ఉండే గదికి ఫోన్ చేశాను. ఎత్తినవాడు రాయచోటి వైపు డ్రైవరు. సంగతి చెప్పగానే నవ్వాడు.

"ఏందక్కా, మళ్ళీనా? ఈ దినం ఆయమ్మ వంతా? ఫోన్లో రోజూ ఎవురో ఒకరు సచ్చిపోతానే ఉండారు గదా" అన్నాడు.

నిజంగానే పోయిందని రెండోసారి చెప్పాల్సి వచ్చింది. చెడామడా తిట్టాలనిపించింది గానీ, తప్పు ఆ పిల్లాడిది కాదు. బతికున్న మనిషి చావు అందరికీ నవ్వులాట అయిపోయిన ఊళ్ళో ఉంటున్నాం మేము. అదెలా జరిగిందో చెప్పకపోతే పెద్దమ్మ గురించి ఏమీ చెప్పనట్టే.

ఆమెది అన్నమయ్య జిల్లా, నాది కోనసీమ. చుట్టరికం ఏమీ లేదు. పెద్దమ్మ అని పిలవడం అలవాటైపోయి, ఎప్పుడు మొదలైందో కూడా మరిచిపోయాను. నా మాటలో 'అండీ' వినబడితే చాలు, ఆమెకి నవ్వు వచ్చేసేది. "మీవోళ్ళు శాపనార్థాలు పెట్టినా అండీ తగిలిచ్చే పెడతారేమో మే" అనేది. "అవునండీ పెద్దమ్మా, మీ నోరు పడిపోనండీ" అంటే పొట్ట పట్టుకుని నవ్వేది.

అంత నవ్వే మనిషికి మావాళ్ళలో పేరు వచ్చింది మాత్రం ఏడుపుకి. శోకాలు పెట్టడంలో ఆమెకు సాటి లేదు. ఊళ్ళో తల్లో తండ్రో పోతే, వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, పాస్‌పోర్టు ఇవ్వక, టికెట్ దొరక్క, ఇక్కడే పనిలో ఉండిపోయే మగవాళ్ళు మా మధ్య చాలామంది. వాళ్ళు శుక్రవారం దాకా పళ్ళ బిగువున ఆగి, ఆమె సెలవు రోజున మంగఫ్‌కి వచ్చేవాళ్ళు. ఆమె వాళ్ళని చాప మీద కూర్చోబెట్టి ముందు ప్రశ్నలు వేసేది.

"మీయమ్మ పొద్దన్నే లేస్తానే ఏం చేసేది నాయనా? కోపమొస్తే నిన్ను ఏమని తిట్టేది? సంగటి ముద్ద పెద్దగా చేసేదా, చిన్నగా చేసేదా?"

వాడు ముందు సిగ్గుపడేవాడు, తర్వాత ఒక్కొక్కటే చెప్పేవాడు. అన్నీ విన్నాక ఆమె కొంగు మడిచి నోటి దగ్గర పెట్టుకుని, చనిపోయిన మనిషి పేరు పెట్టి పిలిచేది. ఆ పిలుపుకి గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా వినబడేది కాదు. వాడు చెప్పిన తిట్టు, వాడి తల్లి చేసిన ముద్ద, ఆమె కట్టేసిన మేక, అన్నీ ఆ శోకంలోకి వచ్చేవి. అప్పుడు వాడు ఏడ్చేవాడు. ఏడ్చి, ముఖం కడుక్కుని, కంపెనీ బస్సెక్కి పనికి పోయేవాడు. ఆ చాప మీద గుండె బరువు దించుకున్నవాళ్ళు ఈ దేశంలో ఎందరున్నారో నాకు తెలియదు. మా నాన్న పోయినప్పుడు నేనూ అక్కడే కూర్చున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఆమె మహా పట్టుదల మనిషి. చావు లేనిచోట శోకం పెట్టదు, బతికున్నవాళ్ళ పేరు ఆ రాగంలో పలకదు. ఒకసారి ఎవరో సరదాకి అడిగితే చీపురు తీసుకుంది. "ఏడుపుకి ఒక మనిషి కావాల మే. సచ్చినోళ్ళు లేకుండా పిలిస్తే అది ఊరకే పోదు, దొరికినోళ్ళ మీద వాలతాది" అని నాతో అంది. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. ఆమె ముందు ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మిష్రిఫ్ ఇంటి అమ్మాయిని పుట్టినప్పటి నుంచి పెద్దమ్మే పెంచింది. ఆ అమ్మాయి పెద్దదై కెనడా వెళ్ళి, టొరంటోలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో చేరింది. ఆటల్లో వినబడే గాలీ, అడుగుల చప్పుడూ, తలుపు కిర్రుమనడం, అవన్నీ చేయడం ఆమె పని. రెండేళ్ళ కిందట సెలవులకి వచ్చి పెద్దమ్మ మెడ చుట్టూ చేతులేసి ఒక కోరిక కోరింది. కొత్త ఆటలో పాడుబడిన ఊరు ఒకటి ఉంది, దాని మొదట్లో ఒక ముసలమ్మ కూర్చుని ఏడుస్తుంటుంది, ఆ గొంతు నీదే కావాలి అని.

కంపెనీ పంపిన ఒప్పందం కాగితం చూడమని పెద్దమ్మ నన్ను పిలిపించింది. ఒప్పందాలు చదవడం నా కూటి విద్య కాబట్టి ప్రతి వాక్యం తెలుగులో చెప్పాను. ఈ రికార్డింగు ఇప్పుడున్న అన్ని మాధ్యమాల్లోనూ, ఇకముందు రాబోయే వాటిలోనూ, విశ్వమంతటా, ఎప్పటికీ కంపెనీదే. దాన్ని పోలిన గొంతును యంత్రంతో తయారు చేసుకోవచ్చు. తగాదా వస్తే అంటారియో చట్టం ప్రకారం టొరంటోలోనే తేల్చుకోవాలి.

"విశ్వమంతా అంటే పైనోడి లోకం గూడా వాళ్ళదేనా?" అంది పెద్దమ్మ. మామా, ఆ అమ్మాయి, నేను ముగ్గురం నవ్వాం.

తర్వాతి వాక్యం దగ్గర నాకు నవ్వు రాలేదు. కెనడా చట్టంలో కళాకారుడికి ఒక హక్కు ఉంది. తన పేరు చెప్పించుకునే హక్కు, తన పనిని తన పరువు పోయేలా మార్చితే కాదనే హక్కు. దాన్ని ఎవరికీ అమ్మడం కుదరదు. వదులుకుంటున్నానని సంతకం పెట్టడం మాత్రం కుదురుతుంది. కాగితంలో అదే ఉంది.

"అమ్మేదానికి కానిదాన్ని ఊరకే ఇడ్సిపెట్టమంటాండారా? ఇదేం బేరం మే?"

"వద్దు పెద్దమ్మా, పెట్టకండి" అన్నాను. అది అందరూ పెట్టే సంతకమేనని, తనూ పెట్టానని ఆ అమ్మాయి అరబ్బీలో చెప్పింది. ఆ పిల్ల అబద్ధమాడలేదు. పెద్దమ్మ ఆమె ముఖం కేసి చూసింది. ఒళ్ళో పెరిగిన పిల్ల అడిగితే కాదనడం ఆమెకు చేతకాదు. కంపెనీ డబ్బు ఇస్తుందంటే, ఎంత అని కూడా అడగలేదు.

సంతకం అయ్యాక అసలు చిక్కు వచ్చింది. ఎవరి కోసం ఏడవాలి? ఆ అమ్మాయి మేడ మీద గదిలో గోడలకి రజాయిలు కట్టి, మైకు పెట్టి, ఎవరి పేరైనా ఫరవాలేదంది. పోయినవాళ్ళకి ఎప్పుడో ఏడ్చేసింది, బతికున్నవాళ్ళ పేరు పలకదు; పెద్దమ్మ వేళ్ళ మీద పేర్లు లెక్కపెట్టుకుంది. చివరికి, "ఎవురూ లేరుమ్మే. నేనే దొరికినా" అని కొంగు మడిచి, తన పేరే పెట్టి పిలిచి, శోకం ఎత్తుకుంది.

"ఓ యక్కా... పరాయి పొయ్యి ముందర పానం కాల్చుకుంటివే, నీ పొయ్యి సల్లగుండాదే... ఎవురి బిడ్డనో సంకనేసుకోని నీ బిడ్డను మరిసిపోతివే... నీ తలకాడ కూసోని పేరు పిలిసేదానికి నేను తప్ప ఎవురుండారే..."

ఏడుస్తున్నదీ ఆమే, పోయిందీ ఆమే. మాట అర్థం కాని ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ బొటనవేలు పైకెత్తి చూపించింది. నేను బయల్దేరేటప్పుడు పెద్దమ్మ గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

ఆట బయటికి వచ్చింది. అందులో ఎక్కడా ఆమె పేరు లేదు. అందుకు ఆమె బాధపడలేదు. బాధ తర్వాత వచ్చింది. కంపెనీ ఆటలో ఒక కొత్త తమాషా పెట్టింది. ఎవరి పేరైనా టైపు చేస్తే, ఊరి మొదట్లో ముసలమ్మ ఆ పేరు పెట్టి పిలిచి ఏడుస్తుంది. యంత్రం ఆమె గొంతుతో ఏ పేరైనా పలికిస్తుంది. పేరు దగ్గర చిన్న అతుకు వినబడుతుంది, వేరే గుడ్డ వేసి కుట్టినట్టు. మిగతాది అంతా పెద్దమ్మే.

మావాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? మంగఫ్ గదుల్లో ఒకడి పేరు ఇంకొకడు టైపు చేసి పంపుకోవడం మొదలుపెట్టారు. ఆలస్యంగా లేచినవాడి పేరు, వంట మాడ్చినవాడి పేరు, బాకీ ఎగ్గొట్టినవాడి పేరు. ఎవరి ఫోన్ మోగినా పెద్దమ్మ ఎవరో బతికున్నవాడి చావుకి ఏడుస్తూ వినబడేది. ఒక శుక్రవారం ఆమె మంగఫ్ గదిలోకి అడుగుపెట్టేసరికి అక్కడ తన గొంతే ఒక కుర్రాడి పేరు పిలుస్తోంది. చెప్పు తీసి వాళ్ళను కొట్టింది. తర్వాత అక్కడే కూలబడిపోయింది.

ఆ కుర్రాడు అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పనిచేస్తాడు. ఆ తర్వాతి వారంలో ఇనుప రేకు జారి చేతి మీద పడింది. ప్రాణం పోలేదు, చెయ్యి మాత్రం నుజ్జయింది. యార్డుల్లో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయని ఆమెకి చెప్పాను. అది నిజం కూడా. ఆమె వినలేదు. ఆసుపత్రికి కూర వండుకుని వెళ్ళి, వాడి మంచం పక్కన కూర్చుని, "నేనే పిలిచినా గదరా" అని ఒకటే మాట.

"ఆపించు మే. నువ్వు కాగితాలు చదివే దానివి గదా, ఎట్లో ఒకట్ల ఆపించు" అంది నాతో.

నేను కెనడాకి రాశాను. మర్యాదగానే జవాబు వచ్చింది. కళాకారిణి తన హక్కును వదులుకున్నారు, ఆ గొంతును ఎలా వాడాలన్నది కంపెనీ ఇష్టం, ఇప్పుడు ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొన్నది, హక్కులన్నీ దానికి చేరాయి. పెద్దమ్మ ఏడుపు ఇల్లూ పొలంలా చేతులు మారిపోయింది. మా ఆఫీసు వకీలు గారు చూసి, కువైట్‌లో ఏమీ కాదు, టొరంటో వెళ్ళి పోరాడాలి అన్నారు. ఇఖామా పర్మిట్ మీద వంటపని చేసే మనిషి టొరంటో ఎలా వెళుతుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే, కొత్త యాజమాన్యం తన ఉద్యోగం తీసేసిందని, ఈ సంగతి బయట మాట్లాడనని తనూ సంతకం పెట్టానని చెప్పి ఏడ్చింది. పెద్దమ్మే ఆ పిల్లను ఓదార్చింది.

ఆ తర్వాత ఆమె శోకం పెట్టలేదు. తల్లి పోయిన ఒక కడప కుర్రాడు వచ్చి చాప మీద కూర్చుంటే, అన్నం పెట్టింది, వీపు నిమిరింది, ప్రశ్నలు మాత్రం వేయలేదు. "నా నోరు ఇప్పుడు నాది కాదు నాయనా. నేను పిలిస్తే ఏది నిజమో ఏది ఆటో సచ్చినోళ్ళకి ఎట్ల తెలుస్తాది?" అంది. వాడు ఏడవకుండానే వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు వచ్చినంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

పెద్దమ్మ శవం ఊరికి వెళ్ళే కాగితాలు కావడానికి టైం పట్టింది. శుక్రవారం మధ్యాహ్నం మంగఫ్ గదిలో అందరం చేరాం. అమ్ఘరా కుర్రాడు కట్టుతో వచ్చాడు. పక్క బిల్డింగు ఆవిడ శోకం ఎత్తుకోబోయి రెండో మాట తట్టక మానేసింది. నాకు రాదు. ఇంకెవరికీ రాదు. అంతమందికి ఏడుపు తెప్పించిన మనిషి పోతే, ఏడవడం తెలిసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు.

డ్రైవరు కుర్రాడు మెల్లగా ఫోన్ తీశాడు. "అక్కా, ఆయమ్మ గొంతే పెడదామా?" అన్నాడు. వద్దని అరిచాను. వాడు ఫోన్ చాప మీద పెట్టాడు, అందరూ దాని వైపే చూశారు. కాసేపటికి నేనే చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాను. పెద్దమ్మ పేరు టైపు చేశాను.

పాడుబడిన ఊరు కనబడింది. ముసలమ్మ తల ఎత్తి ఆ పేరు పిలిచింది. ఇన్నాళ్ళూ ఎన్ని పేర్లు విన్నామో, ప్రతిదానికీ అతుకు ఉంది. ఈ ఒక్క పేరుకి లేదు. ఆ రోజు రజాయిల గదిలో ఆమె నోరారా పిలుచుకున్న పేరు అది. యంత్రం దాన్ని తయారు చేయనక్కర్లేకపోయింది. అమ్ఘరా కుర్రాడు కట్టు ఉన్న చేత్తోనే ముఖం కప్పుకుని భోరుమన్నాడు. గదిలో అందరం ఏడ్చాం. ఆమె మాకోసం ఏడ్చినప్పుడు ఎలా ఏడ్చేవాళ్ళమో అలాగే.

శోకం అయిపోయింది. తెర మీద ఊరు చీకటైంది. ఇంకొక పేరు రాయమని అడుగుతూ కింద ఒక ఖాళీ గడి వచ్చింది. గడి మొదట్లో సన్నటి గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. ఫోన్ చాప మధ్యలో పెట్టాను. దాన్ని కట్టేయడానికి మాలో ఎవరూ చెయ్యి చాచలేదు.