ఎర్ణాకుళం పాఠకుడు

సహదేవన్ చేట్టన్, అంటే సహదేవన్ అన్న, ముహమ్మ నుంచి కుమరకం దాకా ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బోటు నడిపిన సరంగు. రిటైరయ్యి, భార్య కూడా పోయాక, ఒంటరిగా ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాడు. రోజుకో పేజీ. ఏ రేవులో ఎవరెక్కేవారు, దిగాల్సిన రేవు దాటాక ఎవరు నిద్ర లేచేవారు, ఎవరి బాతులు బోటుకి అడ్డం వచ్చేవి, ఇవే రాతలు. ఆ సైటు ఆలప్పుళలో మేము నడిపే చిన్న కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. అందులో మొత్తం మూడువందల సైట్లు, అన్నిటికీ ఒకటే ఐపీ నంబరు. ఒకే ఇంటి నంబరు కింద మూడువందల వాటాలన్నమాట.

జూన్‌లో సర్వర్ మారుస్తున్నాం, నంబరు మారుతుందని అందరికీ మెయిల్ పెట్టాను. ఆయనొక్కడే గొడుగు దులుపుకుంటూ ఆఫీసుకి వచ్చాడు.

"నంబరు మారితే సెర్చ్‌లో నా పేజీ అడుక్కి పోతుందట కదా మోళే?" కూతుర్ని పిలిచినట్టు నన్ను మోళే అంటాడు.

"ఎవరు చెప్పారు?"

"టీకొట్టు దగ్గర అనుకుంటుంటే విన్నా."

"ఇప్పుడు టీకొట్టోళ్లు సర్వర్లు కూడా నడుపుతున్నారా? మీ సైటు పేరు మారదు చేట్టా. కొత్త నంబరు సెర్చ్ దానంతటదే కనుక్కుంటుంది. పేజీ తెరుచుకోకుండా మొరాయిస్తేనే దెబ్బ."

"మరి నా పక్క వాటాలో ఆ లాటరీ ఫలితాలోడున్నాడు. వాడి చెడ్డపేరు నాకంటుకోదూ?"

"పక్కింటోణ్ణి చూసి మీకు మార్కులెయ్యరు లెండి."

నమ్మలేదు. ఫోన్‌కి మా ఆఫీసు వైఫై పెట్టించుకుని, తన పేజీ తెరిచి, దానికి వచ్చినవాళ్ల జాబితా తీసి చూపించాడు. రోజూ ఉదయం ఆరున్నరకి ఒకరు. పక్కన ఊరి పేరు ఎర్ణాకుళం.

"మూడేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు మోళే. మిగతావాళ్లు దారితప్పి వచ్చి పోతారు. చదివేది ఈయనొక్కడే. సెర్చ్‌లో వెతుక్కునే వస్తాడు. నేను కనపడకపోతే పాపం ఏమనుకుంటాడు?"

సర్వర్ మార్చాం. నాలుగు రోజులు ఆయన పేజీ ఒకటి రెండు మెట్లు దిగి, మళ్లీ తన చోటికి వచ్చింది. ఫోను చేసి చెబితే పెద్దగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆగస్టులో మళ్లీ వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"పోయాడు మోళే. శుక్రవారం నుంచి ఎర్ణాకుళం మనిషి లేడు. మీ నంబరు మార్పే కొంప ముంచింది. త్రిశూర్ నుంచి కొత్తవాడెవడో వస్తున్నాడు, అదే ఆరున్నరకి."

"ఇంట్లో నెట్ గానీ మార్చారా?"

"గురువారం. పిడుగు పడి పాతది కాలిపోతే వేరే కంపెనీ తీగ లాగించా."

"పొద్దున్నే మీ పేజీ మీరే వెతుక్కుని చూసుకుంటారా?"

"సరిగ్గా పడిందో లేదో చూసుకోవద్దూ?"

నా నోటికి తొందరెక్కువ. నవ్వాను కూడా. "ఇంటి కనెక్షన్‌కీ ఒక నంబరుంటుంది చేట్టా. ఆ కంపెనీ ఆఫీసు ఎక్కడుంటే ఆ ఊరి పేరే పడుతుంది. ఎర్ణాకుళం మనిషి మీరే. త్రిశూర్ మనిషీ మీరే."

ఆయన నవ్వలేదు. మంచినీళ్లడిగి, ఇస్తే తాగలేదు. "మూడేళ్లు" అన్నాడు. అంతే, లేచి వెళ్లిపోయాడు.

నాకు చాలా సిగ్గేసింది. మర్నాటి నుంచి ఆఫీసుకి రాగానే తొమ్మిదింటికి ఆయన పేజీ తెరవడం మొదలుపెట్టాను. జాబితాలో ఒక మనిషైనా కనిపిస్తే ఆ ప్రాణం కుదుటపడుతుందనుకున్నాను. తెరిచి, నా పని నేను చేసుకునేదాన్ని.

ఓణం వెళ్లిన వారానికి ఫోను చేశాడు.

"ఆలప్పుళ నుంచి ఒకరు వస్తున్నారు మోళే. తొమ్మిదింటికి. ఆదివారాలు రారు."

"మంచిదే కదా చేట్టా!"

"ఆ రోజు మీ ఆఫీసు వైఫైలో నా పేజీ తెరిచా కదా. అదే నంబరు. ఇప్పుడు నాకు నంబర్లు చూడ్డం వచ్చు."

"దొరికిపోయాను చేట్టా" అన్నాను.

"కోపం లేదులే. ఒక్కటడుగుతా. నిన్న నేనేం రాశాను?"

పొద్దున తెరిచిన పేజీ ఎదురుగానే ఉంది. ఇప్పుడు దానివైపు చూడాలన్నా సిగ్గేసింది.

"బోటు గురించి" అన్నాను.

"కాదు మోళే, నీ గురించి" అని ఫోను పెట్టేశాడు.