తాళం గుమ్మం మీది కలబంద

మా చాళ్‌లో, అంటే వరుస గదుల పాత బిల్డింగులో, మూడో అంతస్తు గదుల ముందు సాగే గ్యాలరీ చివరి గదికి తాళం ఉండేది. గుమ్మం పైన ఇనుప కొక్కేనికి ఒక కలబంద తలకిందులుగా వేలాడేది. వేర్లు పైకి, ఆకులు నేల వైపుకి. దిష్టికి కట్టేదే. కామాఠిపురాలో స్థిరపడ్డ మా తెలుగువాళ్ల గుమ్మాలకు అది మామూలే. ఎండిపోతే అమావాస్యకు తీసి కొత్తది కడతారు. ఇది మాత్రం ఎండలేదు. ఎవరూ మార్చలేదు.

దాని గురించి గ్యాలరీలో రెండు వర్గాలు ఉండేవి. మొదటి వర్గంలో దాదాపు అందరూ. వాళ్ల తరఫున మాట్లాడేవాడు పక్క గది కాకా.

"పొద్దుగాల లేవంగనే దాని మొఖం జూడాల్నా నేను? ఉరేసుకున్న గబ్బిలం లెక్కున్నది."

రెండో వర్గంలో మా అమ్మ ఒక్కతే.

"నీళ్లడగది, మన్నడగది, నల్లా కాడ కొట్లాడది. దానికన్న మంచోళ్లు ఎవరున్నరన్నా ఈ గ్యాలరీల?"

"కొట్లాడది చెల్లె, నిజమే. గని చూస్తది. అదే నా బాధ."

నేను ఏ వర్గమూ కాదు. సివిల్ డిప్లొమా చదివి, పాత బిల్డింగులు పరీక్షించే ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. పగులు ఎక్కడుంది, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోంది, లోపలి ఇనుము ఎంత తుప్పు పట్టింది: ఈ వరుసలో చూడటం అలవాటు. కలబందనూ అలాగే చూశాను. ఆకు దళసరిగా ఉంటుంది, లోపల నీళ్లు దాచుకుంటుంది, పైన మైనం లాంటి పొర ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు త్వరగా పోవు. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో చావడం దానికి కష్టం. ఇందులో దయ్యం పని ఏమీ లేదు. ఈ మాట గ్యాలరీలో చాలాసార్లు చెప్పాను.

ఒకసారి వర్లిలో ఒక ఎత్తైన బిల్డింగుకు చెమ్మ చూడటానికి వెళ్లాను. ఆ ఇంటి బాల్కనీలో వరుసగా ముళ్లమొక్కలు ఉన్నాయి. ఒకటి పుండులా ఉబ్బింది, ఒకటి ముసలివాడి గడ్డంలా తెల్లగా ఉంది, ఒకటి మెలికలు తిరిగింది. ఒక్కో దానికి తెల్ల కుండీ, పైన చిన్న లైటు. ఇంటావిడ వాటిని బిడ్డల్ని చూపినట్టు చూపించింది. అక్కడ వికారానికి లైటు పెడతారు, మా దగ్గర భయపడతారు అనుకుంటూ రైలెక్కాను.

ఆ చివరి గది పాలమూరు నుంచి వచ్చిన ఒక జంటది. ఇద్దరూ రోజూ కూలీల అడ్డా అయిన నాకా మీద నిలబడి, బిల్డింగ్ పనికి ఎవరు పిలిస్తే వాళ్లతో వెళ్లేవారు. అమ్మ ఆమెను "వదినె" అని పిలిచేది. చుట్టరికం ఏమీ లేదు. అమ్మ వదినె అంటోంది కాబట్టి నాకు అత్త అయింది.

కలబంద అత్తదే. నూనె డబ్బాలో మట్టి పోసి, గ్యాలరీ కటకటాలకు ఆనించి పెంచింది. సిమెంటుకు ఆమె వేళ్ల సందులు పగిలిపోయేవి. అమ్మ ఒక ఖానావళిలో వంట పని చేస్తుంది. అమ్మ మణికట్టు నిండా నూనె చిట్లిన మచ్చలు. సాయంత్రం ఇద్దరూ గడప మీద కూర్చునేవారు. అత్త ఒక ఆకు కోసి, నిలువుగా చీల్చి, ముందు అమ్మ చేతులకు, తర్వాత తన చేతులకు రుద్దేది. గుజ్జు ఆరేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. నాలుగు అరచేతులూ ఆకాశానికి చూపుతూ కూర్చునేవారు.

"గిప్పుడు నీ మొగడొచ్చి చాయ్ అడిగితె?" అనేది అమ్మ.

"కాళ్లతోటి పెడ్త. తాగుతడు. అంత బుద్ధిమంతుడు."

"నా మొగడైతే చాయ్ నీ మొగణ్నే పెట్టుమంటడు, ఆయనకు గడుసుతనమెక్కువ."

లోపలి నుంచి మా నాన్న దగ్గేవాడు. ఇద్దరూ చేతులు అలాగే పట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వేవారు.

లాక్‌డౌన్‌లో నాకా మూతబడింది. కొన్ని వారాల తర్వాత నాగ్‌పాడా వైపు నుంచి ఒక ట్రక్కు ఊరి మనుషుల్ని తీసుకుపోతుందని తెలిసి, అత్తా మామా బయల్దేరారు. వాళ్లు వెళ్లేటప్పుడు నేను నిద్రలో ఉన్నాను. లేచేసరికి గదికి తాళం ఉంది, నూనె డబ్బా ఖాళీగా ఉంది, కలబంద గుమ్మం మీద ఉంది. "రెండు నెలలల్ల వస్తం, అందాక గుమ్మం జర జూడు" అని చెప్పి వెళ్లిందని అమ్మ అంది.

రెండు నెలలు అయ్యాయి. ఫోన్ మొదట స్విచాఫ్ అని చెప్పింది, తర్వాత ఈ నంబరే వాడుకలో లేదంది. నాకా మళ్లీ నిండింది, వాళ్లు రాలేదు. వాళ్ల పక్క ఊరి మనిషి ఒకడు కనిపిస్తే అమ్మే ఆపి అడిగింది.

"ఆయన సూరత్ దిక్కు పనిల ఉన్నడక్కా. ఒక్కడే ఉన్నడు," అన్నాడతను, చూపు తిప్పుకుని.

నంబరు తీసుకుందాం, నేను మాట్లాడతాను అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని గబగబా ఇవతలికి లాక్కొచ్చింది.

"ఒక్కడే ఉన్నడన్నడు గని, లేదన్నడా? లేదని అన్నడా?"

ఆ తర్వాత ఆ మనిషి ఎదురైతే అమ్మ రోడ్డు దాటేది.

కలబంద మాత్రం పెరిగింది. వానాకాలంలో ఉబ్బేది, వేసవిలో ముడుచుకుని ఎర్రబారేది, మళ్లీ ఉబ్బేది. ఆకుల కొనలు వెలుతురు కోసం పైకి వంగాయి. దూరం నుంచి చూస్తే ఎవరో కిందికి వేలాడుతూ, వేళ్లు మాత్రం పైకి మడిచినట్టు ఉండేది. ఒక చలికాలం కాడ వేసింది. కాడ కొంత కిందికి దిగి, వెనక్కి మళ్లి, పైకి లేచి, పసుపు రంగు పూలు పూసింది. గ్యాలరీ అంతా ఆ వారం తలలు వంచుకుని నడిచింది. అమ్మ దాని కింద నిలబడి చాలాసేపు చూసింది.

"పువ్వు పూసిన ఇంట్ల సావుంటదారా?" అంది.

తర్వాత చప్పుడు మొదలైంది. గాలి వీచినప్పుడు ఆ గది దగ్గర ఎవరో గోటితో తలుపు గీరినట్టు. మా చెల్లి అటు పోవడం మానేసింది. కాకా తన మంచం జరుపుకున్నాడు. నేను స్టూలేసుకుని చూశాను. ఒక ఆకు పొడవు పెరిగి, దాని ముల్లు తలుపు చెక్కకు తగులుతోంది. రంగు మీద గీత కూడా పడింది, అర్ధచంద్రుడిలా. ఇదీ సంగతి అని అందరికీ చూపించాను. ఆకు కొన కత్తిరించేస్తే సరిపోయేది. కానీ మావాళ్లలో ఒక పట్టింపు ఉంది: గుమ్మానికి కట్టింది కట్టిన చెయ్యే విప్పాలి. వేరే చెయ్యి పడితే, అది అన్నాళ్లూ గుమ్మం బయట ఆపిందంతా ఆ చేతిని పట్టుకుంటుంది. ఎవరూ ముట్టుకోలేదు. నేనూ స్టూలు దిగిపోయాను. ఆ చప్పుడుకు కారణం నాకు తెలుసు. తెలిసి కూడా, గాలి లేని రోజున చెవి అటే ఉండేది.

ఈ ఏడాది బిల్డింగు ఖాళీ చేయమన్నారు. నిజానికి ఎప్పుడో చేయాల్సింది. గ్యాలరీ దూలాల్లో ఇనుము పొరలు పొరలుగా ఊడిపోతోంది; ఇనుప గొట్టాలు ఆసరా పెట్టి నిలబెట్టారు. వానలు పడితే ఆ నీటి బరువును మా అంతస్తు మోయలేదు. ఇది నా వృత్తి, ఇందులో నాకు అనుమానం లేదు. ఒక్కొక్క కుటుంబమూ తాత్కాలికంగా ఉండమని ఇచ్చిన ట్రాన్సిట్ క్యాంపుకు వెళ్లిపోయింది. కాకా వెళ్తూ వెళ్తూ అమ్మను బతిమాలాడు. నాన్నా చెల్లీ సామానుతో ముందే వెళ్లారు. అమ్మ కదల్లేదు.

"గుమ్మం జూడుమన్నది. జూస్త అన్న. ఆమె కట్టింది ఆమె వచ్చి విప్పుకోవాలె."

"అమ్మా, ఇది కూలిపోతుంది. మాట కోసం చచ్చిపోతావా?"

"నువ్వు పో. నీకు డ్యూటీ ఉన్నది."

కలబందను విప్పమని కూల్చే పనివాళ్లను అడిగాను. చూస్తే వాళ్లూ పాలమూరు వాళ్లే. ఒకడు పైకి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"గోడ కొట్టుమంటె కొడ్త సారూ. గా కలబందను మాత్రం ముట్ట. కట్టినోళ్లనే పిలువుండ్రి."

మర్నాడు మధ్యాహ్నం మొదటి పెద్ద మబ్బు పట్టింది. గ్యాలరీలో పెచ్చు ఒకటి ఊడి, ఎవరూ లేని నల్లా దగ్గర పడింది. నేను ఇంట్లోంచి స్టూలూ కత్తీ తెచ్చి ఆ గుమ్మం కింద వేశాను. పట్టింపులు నమ్మనని నాకు నేనే చెప్పుకుంటూ ఎక్కాను. చెయ్యి చాచగానే అమ్మ కేక వేసింది.

"చెయ్యి పెట్టకు! బిడ్డా, దిగు. దిగుమంటున్న!"

"మరి ఎవరు పెట్టాలి? ఆమె రాదమ్మా!"

ఆ మాట మా ఇంట్లో అంతవరకు ఎవరూ అనలేదు. అమ్మ గోడకు ఆనుకుంది. నేను స్టూలు దిగాను.

"కట్టింది నేనే," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆమెకు భుజం లేస్తలేకుండె. జొరం గూడ ఉండె. వదినె, నువ్వు కట్టు అన్నది. కట్టిన. ఎన్నడన్న విప్పొచ్చు నేను. ఎట్ల విప్పాలెరా? విప్పితే నేనే అన్నట్టు గాదా, ఇగ రాదని?"

అన్నేళ్లూ గ్యాలరీలో అందరం ఒక చెయ్యి కోసం ఎదురుచూశాం. ఆ చెయ్యి మాకు రోజూ అన్నం పెడుతూనే ఉంది.

అమ్మ స్టూలెక్కింది. నేను పట్టుకున్నాను. ఎర్రగుడ్డ ముడి రాయిలా బిగిసింది. కత్తి ఇస్తే వద్దంది. గోళ్లతో, పళ్లతో విప్పింది. ఊడి చేతిలోకి వచ్చాక, అంత పెద్ద మొక్క ఎంత తేలిగ్గా ఉందో చూసి ఆమె ముఖం మారింది. కొంగులో చుట్టుకుని, తాళం వైపు చూడకుండా నడిచింది. పారే నీళ్లలో వదలాలి కాబట్టి వర్లి సముద్రానికి తీసుకుపోదాం అన్నాను. తలూపింది.

రెండో అంతస్తు మలుపులో, మెట్ల మీద, ఆమె ఆగింది. కొంగు విప్పి కలబందను మెట్టు మీద పెట్టింది. మా తాత శవాన్ని తీసుకుపోతున్నప్పుడు ఇలా దించడం చూశాను. దింపుడు కళ్లం: పాడెను సగం దారిలో దించి, ఒక్కసారైనా పలుకుతారేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఆడవాళ్లు చేసే పని కాదు. అమ్మ వంగి, వేర్ల దగ్గర నోరు పెట్టింది.

"వదినె."

కింద ట్రక్కు హారన్ మోగింది.

"వదినె."

ఖాళీ గదులన్నిటి తలుపులూ తీసి ఉన్నాయి. ఆ మాట వాటిలోకి వెళ్లి ఆలస్యంగా తిరిగి వచ్చింది.

"వదినే..."

నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఆ చాళ్‌లో ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలను. ఏదీ రాలేదు. ఎంతసేపు ఆగాలో ఇద్దరికీ తెలియదు, ఆగాం. తర్వాత అమ్మ తలెత్తి నా వైపు చూసింది.

"మూడేనా?" అంది. "ఇంకోపారి పిలిస్తే తప్పా?"

తెలియదన్నాను.

పిలిచింది.